గల్ఫ్ ప్రయాణం: ఇంట్లో ఉండాల్సిన ఫైలు



గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లబోయేవాళ్లు, వాళ్లను పంపించే ఇంటివాళ్లు కలిసి వింటున్నారనుకుని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. ముఖ్యంగా ఇంటివాళ్లకు చెప్పాలని నా కోరిక. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి పోవడం 1970ల్లో అక్కడ చమురు డబ్బుతో కట్టడాలు లేచినప్పటి నుంచీ ఉంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాట ఉత్తర తెలంగాణలో పుట్టింది అందుకే. అటు రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి ఆడవాళ్లు గల్ఫ్‌కు వెళ్లడమూ దశాబ్దాలుగా సాగుతున్నదే. ఇంత అనుభవం ఉన్నా కాగితాల దగ్గరకు వచ్చేసరికి ఇప్పటికీ "అన్నీ ఏజెంటు చూసుకుంటాడులే" అనేస్తాం.

ఆ మాట అనొద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. కాగితాల అసలు పని విమానం దిగాక మొదలవుతుంది. జీతం ఆగిపోయిన నెలలో, పని చేస్తూ కింద పడ్డ రోజున, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయినప్పుడు అవే మనిషికి సాక్ష్యం. అలాంటప్పుడు వాటిని తీసి చూపించాల్సింది వెళ్లిన మనిషి కాకపోవచ్చు. ఇక్కడ ఉన్న భార్యో, తల్లో, తమ్ముడో కావచ్చు. కాబట్టి వెళ్లేవాళ్ల సంచిలో ఒక ఫైలు ఉంటే, అచ్చం అలాంటిదే మరొకటి ఇంట్లో ఉండాలి. ఆ రెండో ఫైలులో ఏమేం ఉండాలో, వాటిని ఏ వరసలో సంపాదించాలో చెబుతాను.

మొదటిది పాస్‌పోర్టు. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్నది చాలామందికి తెలుసు. పేరు దగ్గర మాత్రం పొరపాట్లు జరుగుతుంటాయి. ఆధార్‌లో ఇంటి పేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, రేషన్ కార్డులో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో అసలు ఉండదు. ఇంటి పేరు లేకుండా ఒకే పేరుతో ఉన్న పాస్‌పోర్టుల మీద విజిట్ వీసాతో వచ్చేవాళ్ల విషయంలో 2022 నవంబరులో యూఏఈ కొత్త నిబంధన పెట్టింది. అప్పుడు విమానాశ్రయం దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లున్నారు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు, మూడింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోండి. పెళ్లయినవాళ్లు పాస్‌పోర్టులో భార్య పేరు ఎక్కించుకోండి. మన పల్లెల్లో చాలా పెళ్లిళ్లకు కాగితం ఉండదు. 2002 నాటి చట్టం ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. ఆ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు బీమా డబ్బుకో, కంపెనీ ఇవ్వాల్సిన బకాయిలకో "నేనే ఆయన భార్యను" అని ఆమె ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

పాస్‌పోర్టులో ఇంకొక సంగతి ఉంది. పదో తరగతి పాసు కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. గల్ఫ్ దేశాలు ఆరు కలిపి మొత్తం 18 దేశాలకు ఈ పాస్‌పోర్టుతో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దాన్నే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అంటారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి దీన్ని ఇస్తారు. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. దరఖాస్తు అంతా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నడుస్తుంది. కొంతమంది దీన్ని అడ్డంకిగా చూస్తారు. నిజానికి ఈ అనుమతి కోసం మీ ఉద్యోగ ఒప్పందం, యజమాని వివరాలు, బీమా అన్నీ ఒక ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. రేపు ఏదైనా జరిగితే మన ఎంబసీ వెతికే చోటు అదే.

ఈ రికార్డును తప్పించడానికే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. చూసి రావడానికి వెళ్లేవాళ్లకు ఆ అనుమతి అవసరం లేదు కనుక, "ముందు విజిట్ మీద పో, అక్కడికి పోయాక కంపెనీ వీసాకు మారుస్తాం" అంటారు. వెళ్లాక గడువు ముగుస్తుంది, రోజుకింత అని జరిమానా పెరుగుతుంది, పని మాత్రం దొరకదు. దొరికినా అది చట్టం ఒప్పుకోని పని. ఇంకొకటి ఆజాద్ వీసా. పేరులో స్వేచ్ఛ ఉంది కానీ అలాంటి వీసా ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. స్పాన్సర్‌గా ఉండే ఎవరో కఫీల్ పేరు మీద వీసా తీసి, మనిషి వేరే చోట పని వెతుక్కోవడమే అది. ఆ కఫీల్ పరారీ అని ఫిర్యాదు ఇస్తే, సౌదీలో దాన్ని హురూబ్ అంటారు, మనిషి ఖల్లివల్లి, అంటే చట్టం లెక్కలో లేని మనిషి అయిపోతాడు. కువైట్‌లో 20 నెంబరు వీసా ఇంటిపని వీసా, 18 నెంబరు కంపెనీ వీసా. షాపులో పని అని చెప్పి 20 నెంబరు చేతిలో పెడితే, అక్కడే ఆగి అడగాలి. వీసా మీద రాసిన పనీ, ఏజెంటు నోటితో చెప్పిన పనీ ఒకటి కాకపోతే పైసా ఇవ్వకండి.

ఇక ఏజెంటు సంగతి. ఊళ్లో మీకు పరిచయమున్న మనిషి సాధారణంగా సబ్ ఏజెంటు. అతనికి లైసెన్సు ఉండదు. లైసెన్సున్న ఏజెన్సీల జాబితా రాష్ట్రాలవారీగా ఈ-మైగ్రేట్‌లోనే ఉంటుంది. మీ ఇంట్లో ఫోను తిప్పడం తెలిసిన ఏ పిల్లాడైనా చూసి చెబుతాడు. అలాంటి ఏజెన్సీ మీ దగ్గర తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు దాటకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. బ్యాంకు ద్వారా కట్టాలి, రసీదు తీసుకోవాలి, ఆ రసీదు ఇంట్లో ఫైలులోకి చేరాలి. ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఆ 18 దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్నది నియమం. ఇలాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వాళ్లను తీసుకోవాలన్న నిబంధన 2016లో వచ్చింది. వయసు పెంచి రాయిస్తాం అన్నవాడు, ఇంకో ఊరి విమానాశ్రయం నుంచి దాటిస్తాం అన్నవాడు మిమ్మల్ని ఏ రికార్డూ లేని చోటికి పంపిస్తున్నాడని అర్థం చేసుకోండి.

డబ్బు విషయం కాస్త నిదానంగా లెక్క వేద్దాం. కాగితం, పెన్ను అందుబాటులో ఉంటే రాసుకోండి. ఏజెంటు లక్షన్నర అడిగాడు. మీరు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. అంటే నెలకు 4,500 మిత్తే. దుబాయిలో జీతం 1,000 దిర్హాంలు అనుకుందాం. దిర్హాం 23 రూపాయలైతే 23,000. అందులో తిండికి, ఫోనుకు 8,000 పోతే 15,000 మిగులుతుంది. ఆ పదిహేను వేలూ నెలనెలా అప్పుకే కడితే, ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా, బాకీ తీరడానికి ఏడాది పడుతుంది. రెండేళ్ల ఒప్పందంలో సగం అప్పులవాడికే పోయింది. ఇదే మిత్తికి 35,400 మాత్రమే తెచ్చి ఉంటే మూడో నెలలో తీరిపోయేది. ఈ లెక్క వెళ్లే మనిషికి మాత్రమే తెలిస్తే చాలదు. అప్పు ఎవరి దగ్గర, ఎంత, ఏ మిత్తికి, ఏ తేదీన తెచ్చారో, ప్రామిసరీ నోటు మీద ఎవరు సంతకం పెట్టారో ఒక పేజీ మీద రాసి ఇంట్లో ఫైలులో పెట్టండి. నోటు జిరాక్సు కూడా పెట్టండి. మనిషి దూరాన ఉన్నప్పుడు అప్పు లెక్కలో ఒక సున్నా పెరిగినా అడిగేవాళ్లుండరు.

ఇప్పుడు ఒప్పందం, అంటే కాంట్రాక్టు. మన వాళ్లు జీతం ఎంత అని అడుగుతారు, మూలజీతం ఎంత అని అడగరు. 1,000 దిర్హాంల జీతంలో మూలజీతం 600, మిగతాది అలవెన్సులు అని రాసి ఉండొచ్చు. యూఏఈ చట్టంలో ఏడాది పూర్తి చేసినవారికి పని మానేటప్పుడు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లకు, ఏడాదికి 21 రోజుల మూలజీతం చొప్పున. మూలజీతం తక్కువ రాయించుకుంటే చివరికి చేతికొచ్చేదీ తక్కువే. రోజుకు పని ఎన్ని గంటలు, ఓవర్‌టైమ్ ఎలా కడతారు, గది ఎవరిది, తిండి ఎవరిది, రెండేళ్లకు తిరుగు టికెట్ ఎవరిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. యూఏఈలో 2016 నుంచి, మనిషి బయల్దేరక ముందే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టించుకోవాలి. అక్కడ చేసే కాంట్రాక్టు దానికి భిన్నంగా ఉండకూడదు. ఆ ఆఫర్ అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు హిందీ, ఉర్దూ వంటి భాషల్లోనూ దొరుకుతుంది. ఉర్దూ చదవగలిగినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల చేత చదివించుకుని, ప్రతి పేజీ ఫొటో తీసి, ఒక జిరాక్సు ఇంట్లో పెట్టి, అప్పుడు సంతకం చేయండి.

వలస కుటుంబాలకు అర్జీలు రాసిపెట్టే పనిలో నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. ఒక సోమవారం, ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఒకావిడ వచ్చింది. భర్త సౌదీలో చనిపోయి వారం దాటింది, శవం ఇంకా రాలేదు. ఆమె పవిటకొంగు ముడి విప్పి తీసింది ఒక ట్రావెల్స్ వాళ్ల విజిటింగ్ కార్డు, ఫోనులో ఒక ఫొటో. ఆయన కంపెనీ యూనిఫాంలో నిలబడి తీయించుకున్న ఫొటో అది. చొక్కా జేబు మీద కంపెనీ పేరు సగమే కనిపిస్తోంది. పాస్‌పోర్టు నెంబరు తెలియదు, అక్కడి నివాస కార్డు అకామా నెంబరు తెలియదు, కఫీల్ పేరు తెలియదు. ఆ సగం పేరు పట్టుకుని ఆయన గదిలో ఉండే మనిషి ఆచూకీ తీయడానికే రోజులు పట్టింది. అర్జీలో నింపాల్సిన గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆమెకు చదువు రాకపోవడం వల్ల అవి ఖాళీగా లేవు. ఆ కాగితాలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. అంతే.

ఆ గడుల్లో చాలావరకు ముందే నింపిపెట్టే ఒక పథకం ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ పాస్‌పోర్టువాళ్లకు తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. యజమాని మారినా బీమా పోదు. దాని పాలసీ కాగితం, నామినీ పేరు, ఇంట్లో ఫైలులో మొదటి వరసలో ఉండాలి. గడువు తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసుకోండి. సెలవుకు వచ్చి మళ్లీ వెళ్లేటప్పుడు చాలామంది దీన్ని పొడిగించుకోవడం మరిచిపోతారు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ తెచ్చిన ప్రవాసాంధ్ర భరోసా అనే బీమా ఉంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. దేనికి దరఖాస్తు చేయాలన్నా ముందు అడిగేవి పాస్‌పోర్టు, వీసా కాపీలే.

మెడికల్ గురించి ఒక మాట. గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాల్లోనే చేయించుకోవాలి. ఇంతకుముందు గమ్కా అనేవాళ్లు, ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నారు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ అంటారు. అందుకే అప్పు తెచ్చాక మెడికల్‌కు వెళ్లొద్దు. ముందు మీ ఊరి దగ్గర ఒక మామూలు ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించుకుని, ఆ తర్వాత డబ్బు ఆలోచన చేయండి. బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీ వెంట పెట్టుకోవాలి. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు గల్ఫ్‌లో అదుపులో ఉన్న మందులు. ముందస్తు అనుమతి లేకుండా పట్టుకుపోతే కేసవుతుంది.

సామాను సర్దే రాత్రి ఇంట్లో ఆడవాళ్లందరూ చుట్టూ కూర్చుంటారు. పచ్చడి సీసా, సకినాలు, కారప్పొడి, మసాలా పొడి. ఆ మసాలాలో గసగసాలు ఉన్నాయేమో చూడండి. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో గసగసాలు నిషేధం, మత్తుమందు కిందే లెక్క. వంటకు తెచ్చుకున్నానంటే అక్కడి పోలీసు వినడు. పక్కింటివాళ్లు, ఏజెంటు, విమానాశ్రయంలో కలిసిన మనిషి ఎవరు పొట్లం ఇచ్చినా విప్పి చూడందే సంచిలో పెట్టకండి. ఎవరికో మందులు, ఎవరికో బట్టలు అని తీసుకెళ్లిన పొట్లంలో గంజాయి దొరికి, అదేమిటో తెలియని మనుషులు ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గారు. బంధువు నొచ్చుకుంటాడని మొహమాటపడొద్దు.

ఇక ఇంటి ఏర్పాట్లు. ఆధార్‌కు, బ్యాంకుకు కలిపిన సిమ్ కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? దాన్ని వెంట తీసుకెళ్లి అక్కడ పక్కన పడేస్తే, ఇక్కడ ఓటీపీ రాక సగం పనులు ఆగుతాయి. ఇంట్లో వదిలి, రీఛార్జి ఆగకుండా చూడాలి. రేషన్ కార్డు ఈ-కేవైసీ వేలిముద్ర బయల్దేరక ముందే వేసి వెళ్లండి. పట్టాదారు పాసుపుస్తకం, కౌలు లెక్క, ఎల్ఐసీ బాండ్లు, బ్యాంకు నామినీ పేర్లు ఒకసారి సరిచూసుకోండి. పెళ్లికి ముందు తీసిన పాలసీలో నామినీగా ఇంకా తండ్రి పేరే ఉండొచ్చు. విదేశంలో ఉద్యోగానికి వెళ్లినవాళ్లు మామూలు పొదుపు ఖాతాను ఎన్ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పంపే డబ్బు కోసం ఎన్ఆర్‌ఈ ఖాతా తెరిస్తే దాని వడ్డీ మీద మన దేశంలో పన్ను ఉండదు. భార్య పేరున వేరే ఖాతా తప్పకుండా ఉండాలి. హుండీలో, అంటే బ్యాంకు దారి కాకుండా, పంపితే రేటు నాలుగు పైసలు ఎక్కువ రావచ్చు. కానీ ఆ డబ్బుకు రికార్డు ఉండదు. ఇల్లు కట్టుకోవడానికి లోను అడిగినప్పుడు, ఇంత సంపాదించానని చూపించడానికి ఏమీ మిగలదు.

బయల్దేరే ముందు ప్రభుత్వం ఇచ్చే శిక్షణ ఒకటుంది, పీడీఓటీ అంటారు. ఒక రోజు, ఉచితం. దానికి తప్పక వెళ్లండి. అక్కడికి చేరాక చేయాల్సిన మొదటి పని కూడా ఇప్పుడే ఒప్పుకుని వెళ్లండి. అకామా చేతికి రాగానే రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపాలి. గది ఉన్న చోటు, క్యాంపు పేరు, కంపెనీ పూర్తి పేరు, గదిలో ఉండే ఒక మనిషి నెంబరు కూడా పంపాలి. పాస్‌పోర్టును యజమాని తీసుకుంటాడు. అలా తీసి పెట్టుకోవడం అక్కడి చట్టాల ప్రకారం తప్పే అయినా, చాలా చోట్ల జరుగుతోంది. కాపీ ఇంట్లో ఉంటే, పాస్‌పోర్టు లేకుండా తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ తీసుకోవడం తేలికవుతుంది. గడువు దాటి ఉండిపోయినవాళ్లకు అక్కడి ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా, తాము ఫలానా అని రుజువు చేసుకునే కాగితం లేకనే ఎంతోమంది లైన్లలో వెనకబడ్డారు.

రెండు నెంబర్లు రాసుకోండి. మన దేశంలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నెంబరు 1800 11 3090. యూఏఈలో ఉన్నవాళ్లకు 800 46342. ఫిర్యాదు నమోదు చేసి, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి విదేశాంగ శాఖ 2015లో మదద్ పోర్టల్ తెచ్చింది. ఎంబసీల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. టికెట్ కొనుక్కోలేనివాళ్లకు, శవాన్ని స్వదేశానికి తెప్పించడానికి దానిలోంచి సాయం చేస్తారు. ఇవి దానాలు కావు, అడిగి తీసుకోవాల్సినవి. అడిగేవాళ్ల చేతిలో వివరాలుంటే పని త్వరగా సాగుతుంది.

చివరగా, పంపించే ఇంటివాళ్లకు. అమ్మా, చెల్లీ, మీకు చదువు రాదని వెనక్కి తగ్గకండి. ఫైలు చదవడానికి ఎవరైనా దొరుకుతారు, ఫైలే లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. బయల్దేరే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి అడగండి. ఏ కంపెనీ, ఏ పని, మూలజీతం ఎంత, ఏజెన్సీ లైసెన్సు నెంబరేది, బీమా కాగితం ఎక్కడ, అప్పు మొత్తం ఎంత? ప్రతి జవాబుకూ ఒక కాగితం మీ చేతికి రావాలి. "అవన్నీ నీకెందుకు" అంటే, ఆయన అక్కడ పనిలో ఉన్నప్పుడు ఆయన తరఫున ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే అని చెప్పండి. జవాబు రాని ప్రశ్న ఒక్కటి మిగిలినా ప్రయాణం వాయిదా వేయించండి. వారం ఆలస్యమైతే ఏజెంటు కోప్పడతాడు, టికెట్ డబ్బు కొంత పోతుంది. అది భరించగలిగిన నష్టం.

వెళ్లే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. మీ సంపాదన ఇంటికి చేరినట్టే, మీ వివరాలూ ఇంటికి చేరాలి. ఆ ఫైలు ఇచ్చాకే ఇల్లు కదలండి. క్షేమంగా వెళ్లి, క్షేమంగా రండి.